‘కనిపెట్టుకొని యుండుము’ అంటే చేతులు కట్టుకుని కూర్చోమనా?

సందేహం: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. 2022 జులై వరదల్లో ఇల్లు వదిలి ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద తలదాచుకున్నప్పుడు మా పాస్టరుగారు బైబిల్లోని 27వ కీర్తన చదివి ప్రార్థన చేశారు. ‘ధైర్యము తెచ్చుకొని నీ హృదయమును నిబ్బరముగా నుంచుకొనుము, యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము’ అన్న చివరి వచనం అప్పట్నుంచీ ఏ టెన్షన్ వచ్చినా నా నోట్లో ఆడుతుంటుంది. హైదరాబాదులో చదువుకుంటున్న మా అబ్బాయేమో, ‘కనిపెట్టడం సైంటిస్టులు చేసే పని కదమ్మా, ఇదంతా తెల్లదొరల తెలుగు, ధైర్యం, నిబ్బరం అని ఒకటే మాట రెండుసార్లు రాశారు’ అంటున్నాడు. ‘ఎదురుచూడుము’ అని మార్చుకుని చదువుకోవచ్చా మాస్టారూ? అసలు కనిపెట్టుకొని అనాలా, కనిపెట్టుకుని అనాలా?

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి అడగడం మంచిదే అయింది. వినీ వినీ అలవాటైన మాట దగ్గర మనం ఆగం.

‘కని’ అంటే చూసి. చూపును ఒకచోట నిలపడం ఈ మాటలో అసలు సంగతి. అక్కణ్నుంచి అది రెండు దారులు పట్టింది. చూసి పట్టేయడం ఒకటి: దొంగను కనిపెట్టారు, కోడలి మనసులో ఉన్నది అత్తగారు ఇట్టే కనిపెట్టేసింది, ఫలానాయన ఫలానా యంత్రం కనిపెట్టాడు. బడిపుస్తకాల్లో ఎక్కువగా కనబడేది ఇదే కాబట్టి మీవాడికి అదొక్కటే తెలుసు. చూపు మరల్చకుండా ఉండడం రెండోది. దీనికి ‘కొను’, ‘ఉండు’ తోడు కావాలి. ‘పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు’ అంటాం. ‘రెండ్రోజులు ఊరెళ్తున్నాం పిన్నిగారూ, ఇల్లు కనిపెట్టుకుని ఉండండి’ అంటాం. చంటిపిల్లని, మంచంలో ఉన్న ముసలాయన్ని, కుప్పనూర్చిన కళ్లాన్ని కనిపెట్టుకునే ఉంటాం. ఈ మాటలనేవాళ్లలో గుడికెళ్లేవాళ్లున్నారు, మసీదుకెళ్లేవాళ్లున్నారు, చర్చికెళ్లేవాళ్లున్నారు. దొరల తెలుగైతే అందరి వంటింట్లోకీ ఎలా దూరిందో అబ్బాయిగారే చెప్పాలి.

దొరలు రాలేదని కాదు. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పని చేశారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలైంది 1847లో. అంటే డెల్టాకి కాలవల కంటే ముందే సువార్త వచ్చింది. బైబిలు తెలుగులో ఎబ్బెట్టుగా ఉండే ప్రయోగాలు లేవని కూడా నేననను. అవి వేరే. ఈ మాట వాటిలో చేరదు.

ఒక్కచోట మాత్రం మీవాడి పక్షాన నిలబడతాను. 130వ కీర్తనలో ‘కావలివారు ఉదయము కొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది’ అని ఉంది. ‘కొని’ లేకుండా ‘కనిపెట్టుట’ అనేసరికి ఈకాలం కుర్రాడు తికమకపడడంలో తప్పులేదు. దేవుని కోసం కనిపెట్టుకుని చేసే ప్రార్థనని ‘కనిపెట్టు ప్రార్థన’ అంటారే, ఆ మాటా అంతే. సంఘంలో పెరిగినవాళ్లకి తెలుస్తుంది, బయటివాళ్లకి తెలియదు.

అయితే ఆ వచనంలో కావలివాణ్ని తెచ్చిపెట్టారు చూడండి, లంకలవాళ్లకి దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి గట్టు మీద మనుషులేం చేస్తారు? నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతారు. కాసేపాగి టార్చిలైటు వేసి చూస్తారు. పుల్ల మునిగితే మరోటి పైకి గుచ్చుతారు. గట్టుకి ఇవతల ఎక్కడైనా బుంగ పడి నీరు ఊరుతోందేమోనని వంగి చూసుకుంటూ నడుస్తారు, ఊరితే ఇసుక బస్తాలు వేస్తారు. తెల్లారడం వాళ్ల చేతిలో లేదు, గోదారి వెనక్కి లాగడమూ లేదు. గట్టు మాత్రం వాళ్ల చేతిలో ఉంది. కనిపెట్టుకుని ఉండడమంటే అది. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత భైరవపాలెంలో సముద్రంలోకి చేపల వేటకెళ్లినవాళ్ల కోసం ఆడవాళ్లు చూసింది ఎదురుచూపు. అక్కడ కళ్లు దారి మీద ఉంటాయి. చేతులకి పని లేదు. రెండూ కష్టకాలపు మాటలే గానీ ఒకటి ఉండాల్సిన చోట రెండోది ఒదగదు.

ఇక ధైర్యం, నిబ్బరం. నిబ్బరం సంస్కృత ‘నిర్భరం’ నుంచి వచ్చిన వికృతి. అర్థం దగ్గరదగ్గరగా ఉన్నా వాటి పక్కన చేరే క్రియలు వేరు. ధైర్యం చెబుతాం, చేస్తాం, కూడగట్టుకుంటాం, ఒక్కోసారి చాలదు కూడా. నిబ్బరం చెప్పాడని ఎవరైనా అనగా విన్నారా? ధైర్యం పక్కవాడు వచ్చి నాలుగు మాటలతో ఇచ్చిపోవచ్చు. నిబ్బరం గుండెకుండేది, కుదురుగా నిలపాలి. అందుకే ఆ వచనం రాసినవారు ధైర్యానికి ‘తెచ్చుకొని’ అనీ నిబ్బరానికి ‘ఉంచుకొనుము’ అనీ వేశారు. తారుమారు చేసి చదివి చూడండి, నాలుక ఒప్పుకోదు.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి వేరే ఉంది. తెచ్చుకొని, ఉంచుకొనుము, కనిపెట్టుకొని: మూడింట్లోనూ ‘కొను’ ఉంది. వండడానికీ వండుకోవడానికీ ఉన్న తేడాయే ఇది. చేసిన పని చేసినవాడికే చెందుతుందని చెప్పడానికి తెలుగు వాడే పనిముట్టు. అదే 27వ కీర్తనలో నాలుగు వచనాల ముందు ‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును’ అని ఉంది. అక్కడ ‘కొను’ లేదు. చేరదీసేది ఆయన. తెచ్చుకోవడం, ఉంచుకోవడం, కనిపెట్టుకోవడం టార్పాలిన్ కింద కూర్చున్న మనిషి వంతు. విశ్వాసి ధైర్యాన్ని గురించి పెద్ద ప్రసంగంలో చెప్పేదాన్ని ఇక్కడ క్రియాపదాలు సర్దేశాయి. పైగా ఈ కీర్తన నడుస్తున్నది అపాయం గడిచాక కాదు. ‘నాతో యుద్ధము చేయుటకు దండు దిగినను నా హృదయము భయపడదు’ అని మూడో వచనంలోనే గట్టిగా అన్న మనిషి, పద్నాలుగో వచనానికి వచ్చేసరికి మళ్లీ ధైర్యం తెచ్చుకోమంటున్నాడు. తెచ్చుకున్నది అయిపోతుందన్న మాట. వరద వారం రోజులుంటే రోజూ తెచ్చుకోవాలి.

కాబట్టి ‘ఎదురుచూడుము’ వద్దు. అర్థం చెప్పేటప్పుడు మీవాడికి ఎలా చెప్పినా ఫర్వాలేదు, వచనం చదివేటప్పుడు ఉన్నదున్నట్టు చదవండి. కొత్త అనువాదాల్లో ‘వేచి ఉండు’ కనబడుతోంది. తప్పేమీ కాదు, కాకపోతే బస్టాండులో కూడా వేచే ఉంటాం.

కనిపెట్టుకొని, కనిపెట్టుకుని రెండూ ఒప్పే. మొదటిది గ్రంథాల్లో రాత, రెండోది మన వాడుక. చదివేటప్పుడు ‘కొని’, మాట్లాడేటప్పుడు ‘కుని’.