కాంటెస్సా డీజిల్‌ను రోజూ నడపబోతున్న మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు,

మావయ్య దీవించి రాయునది. నువ్వు పాత కాంటెస్సా డీజిల్ బేరం చేశావనీ, దాన్ని ఎప్పుడో ఒకసారి ముచ్చటకు బయటికి తీయడానికి కాక రోజూ ఉద్యోగానికి వెళ్లి రావడానికే వాడతావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. డీజిల్ పంపులు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి బిగించి బతికినవాణ్ణి కనుక, మన ఇంట్లో ఈ తరంలో ఒకరైనా ఆ ఇంజిన్ చప్పుడు మీద మనసు పడ్డారని నాకు గర్వంగా అనిపించింది. నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు కొంటున్న బండి ఒళ్లు ఇంగ్లండు వాక్స్‌హాల్ కారుది, ఇంజిన్ జపాన్ ఇసుజు వారి 1995 సీసీ డీజిల్. హిందుస్థాన్ మోటార్స్ 2002లో కాంటెస్సా తయారీని ఆపేసింది. అయితే అదే 2.0 ఇసుజు డీజిల్ అంబాసడర్‌లోనూ వచ్చింది, అంబాసడర్ 2014 దాకా తయారైంది. కనుక ఇంజిన్ సామాను కోసం వెతికేటప్పుడు కాంటెస్సా అని కాకుండా ఇసుజు డీజిల్ అంబాసడర్ అని అడుగు. కాంటెస్సా అనగానే చాలామందికి 1.8 పెట్రోల్ బండే గుర్తుకొస్తుంది, ఆ సామానే చేతిలో పెడతారు. అసలు కరువు ఒంటి సామానుకు: ముందు అద్దం, వెనక లైట్లు, తలుపుల బీడింగులు. ఇవి ఎక్కడ కనబడినా అవసరం లేకపోయినా కొని దాచుకో.

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, టైర్లు, బ్రేక్ గొట్టాలు, బ్యాటరీ తీగలు బండి రాగానే మార్పించు. చల్లటి ఇంజిన్‌ను లోపల ముందే వేడిచేసే హీటర్ ప్లగ్ లైటు ఆరిపోయేదాకా ఆగి తాళం తిప్పు. ఉదయం స్టార్ట్ కావడం లేదని గాలి గొట్టంలో ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టేవాడిని బండి దగ్గరికి రానివ్వకు, వేడిగా ఉన్న ప్లగ్గు మీద ఈథర్ పడితే ఇంజిన్‌లో అది పేలుతుంది. వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటాన్ని, పీకేసే మెకానిక్ దగ్గరికి రెండోసారి వెళ్లకు. వేడెక్కడానికి కారణం పూడుకుపోయిన రేడియేటర్‌లోనో అరిగిన వాటర్ పంపులోనో ఉంటుంది, థర్మోస్టాట్ లేని డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి త్వరగా అరిగిపోతుంది.

ఇక డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లకు, మించదు. బీఎస్-4లో అది 50 దాకా, బీఎస్-3లో 350 దాకా ఉండేది. గంధకాన్ని తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉన్న జిడ్డుతనం, రబ్బరును కొద్దిగా ఉబ్బించి ఉంచే గుణం కూడా తగ్గిపోతాయి. జిడ్డుతనం కోసం కంపెనీలే మందు కలుపుతాయి, కాబట్టి ట్యాంకులో టూ-స్ట్రోక్ ఆయిల్ పొయ్యమని ఎవరు చెప్పినా వినకు. రబ్బరుకు మాత్రం అలాంటి మందు లేదు. పాత డీజిల్‌లో ఏళ్ల తరబడి నాని ఉబ్బిన సీళ్లు కొత్త డీజిల్ తగిలాక కుంచించుకుపోతాయి, అప్పుడు పంపు చెమర్చడం మొదలవుతుంది. పంపు విప్పించి లోపలి సీళ్లన్నీ డీజిల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరువి వేయించు. నాజిళ్ల మధ్య ఉండే సన్నటి రిటర్న్ గొట్టాలు, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం కూడా అదే రోజు మార్పించు. పంపుకు ముందు జానెడు పొడవున పారదర్శకమైన డీజిల్ పైపు పెట్టించుకుంటే, ఉదయం స్టార్ట్ చేసేటప్పుడు బానెట్ ఎత్తి చూసినవాళ్లకు అందులో బుడగలు కనబడతాయి. బుడగలు వరసగా వస్తూనే ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోందని అర్థం.

ఇప్పటిదాకా రాసినవి ఏ మెకానిక్ అయినా చెబుతాడు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీ, ఎప్పుడు మార్చారని మీ అమ్మ అడిగితే, బండి కొద్ది వేల కిలోమీటర్లే తిరిగింది, బెల్ట్ కొత్తదానిలాగే ఉందని జవాబిచ్చావట. ఆ మాట నాకు చాలా కోపం తెప్పించింది. మీ పెద్దమావయ్య కూడా అచ్చంగా ఆ మాటే అన్నాడు, ఆ తర్వాత ఏమైందో మీ పిల్లలెవరికీ పెద్దవాళ్లం చెప్పలేదు.

అన్నయ్య అజాగ్రత్త మనిషి కాదు. ఆయిల్ గడువుకు ముందే మార్చేవాడు, బండిని తుడవకుండా షెడ్డులో పెట్టేవాడు కాదు. అతనిదీ కాంటెస్సా డీజిలే, చాలాకాలం ఎవరూ కదపకుండా నిలబెట్టిన బండిని కొన్నాడు. ఈ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌ను, డీజిల్ పంపును తిప్పేది ఒకే బెల్ట్, అది ముందువైపు మూత కింద ఉంటుంది. నిలబడిపోయిన బండి కదా, పంపు ముందు సీలు ఎండి గట్టిపడింది. మూత కింది అంచున రోజూ చెమ్మ కనబడేది, ఉదయం షెడ్డు తలుపు తీయగానే డీజిల్ వాసన కొట్టేది. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఒకసారి మూత విప్పించమని చెప్పాను. “డీజిల్ బండిలో డీజిల్ వాసన రాక ఇంకేం వస్తుందిరా” అని కొట్టిపారేశాడు. పాత గుడ్డతో అంచు తుడుచుకుని బండి తీసేవాడు. ఆ సీలుకు పెట్టాల్సిన ఖర్చు ఎంత స్వల్పమో నాకు తెలుసు కనుక, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు మండుతుంది.

ఒక పెళ్లి చూసుకుని రాత్రిపూట తిరిగివస్తున్నారు, వెనక సీట్లో వదిన, పిల్లలు నిద్రపోతున్నారు. పల్లంలో, ముందు లోడు లారీ పోతుండగా బెల్ట్ తెగింది. ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా మారేసరికి అన్నయ్య అలవాటు ప్రకారం క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వేశాడు, దాంతో ఇంజిన్ పూర్తిగా నిలిచిపోయింది. ఈ డీజిల్ బండిలో మన కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ ఇచ్చేది బ్యాటరీకి కరెంటిచ్చే ఆల్టర్నేటర్ వెనక ఉండే చిన్న పంపు, ఇంజిన్ తిరగకపోతే అదీ తిరగదు. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు తొక్కులకు సరిపోయింది. మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. హ్యాండ్ బ్రేక్ లాగుతూ, రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి, బండిని మట్టి అంచుకు దించాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఆ దేవుడి దయ.

మర్నాడు నేను వెళ్లి ఇంజిన్ పైభాగం, అదే హెడ్, దింపించాను. ఈ డీజిల్ ఇంజిన్ గాలిని 20 రెట్లకు పైగా కుదిస్తుంది కనుక పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వుకు, దానికి మధ్య ఖాళీ దాదాపు ఉండదు. బెల్ట్ తెగి వాల్వులు తెరుచుకున్న చోటే ఆగిపోతే పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగిపోయాయి, ప్రతి పిస్టన్ మీదా వాటి అంచులు దిగిన గాట్లున్నాయి. మూత లోపల దొరికిన బెల్ట్ ఒక వైపంతా డీజిల్‌కు నాని మెత్తబడి ఉంది, గోటితో గిల్లితే రబ్బరు పెళ్లలుగా ఊడివచ్చింది. రెండో వైపు చూస్తే నువ్వన్నట్టే కొత్తదానిలా ఉంది.

కనుక బెల్ట్‌కు కిలోమీటర్లు లెక్కపెట్టకు, వయసు లెక్కపెట్టు. ఎప్పుడు మార్చారో కాగితం మీద రుజువు లేకపోతే అది మార్చాల్సిన బెల్టే. దానితోపాటు బెల్ట్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ బేరింగ్, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ ముందు ఆయిల్ సీలు, క్యామ్ సీలు, పంపు ముందు సీలు ఒకేసారి పడాలి. మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె మూత మీదే పెయింటుతో రాయించు.

బ్రేక్ సంగతి రోజూ చూసుకో. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే ఆ రోజు బస్సులో వెళ్లు. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే మాత్రం బ్రేక్‌ను వదిలి వదిలి తొక్కకు తల్లీ, ఒకే తొక్కు తొక్కి బండి ఆగేదాకా అలాగే పట్టుకో. ఇది మీ ఇంటి ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఒకసారి చేసి చూసుకుంటే కాలికి అలవాటవుతుంది.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి గడువు పొడిగించుకోవాలి. డబ్బు ఇచ్చేముందే ఆ గడువు ఎప్పటిదాకా ఉందో, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో చూడు. ఢిల్లీ వైపు బదిలీ అయితే బండిని వెంట తీసుకెళ్లే ఆలోచన చేయకు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు అక్కడ ఆంక్షలున్నాయి.

కొనవద్దని మీ అమ్మ నా చేత చెప్పించాలనుకుంది. నేను చెప్పను. రోజూ నడిచే డీజిల్ బండి నిలబెట్టిన బండికన్నా ఆరోగ్యంగా ఉంటుంది, దాన్ని రోజూ నడపాలన్న నీ ఆలోచన మంచిదే. రాత్రిళ్లు ఊరి బయట రోడ్డు మీద ఒంటరిగా నిలబడిపోతావేమోనన్నదే నా బెంగ, ఆ బెంగ తీరే మార్గం నా చేతిలోనే ఉంది. కాగితాలు నీ పేరుకు మారగానే బండిని ముందు నా దగ్గరికి పంపు, మూత విప్పి బెల్ట్, సీళ్లు నేనే దగ్గరుండి వేయిస్తాను. సరదాపడి నడుపుకుంటూ మాత్రం రాకు. ట్రక్కు మీదికి ఎక్కించి పంపు, ఆ కిరాయి నేనిస్తాను.

ఆశీస్సులతో,
చిన్నమావయ్య