తప్పు గడి లోపల ఉంటుంది

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పజిల్ ఇచ్చిన రోజు గంట కొట్టినా పిల్లలు లేవడం లేదని, అయినా డిక్టేషన్‌లో మళ్ళీ అవే తప్పులు వస్తున్నాయని రాశావు. నువ్వు జతచేసిన పజిల్స్ శ్రద్ధగా చూశాను. బాగున్నాయి. కానీ పిల్లవాడు ఏ చోట తప్పు రాస్తాడో, ఆ చోటు వాటిలో వాడికి తగలడమే లేదు.

గళ్ళ నుడికట్టు ఇంగ్లీషులో పుట్టింది. 1913 డిసెంబరులో ఆర్థర్ విన్ అనే ఆయన న్యూయార్క్ వరల్డ్ పత్రిక కోసం మొదటిది తయారుచేశాడు. ఆ భాషలో గడికొక అక్షరం వేస్తే స్పెల్లింగ్ మొత్తం గళ్ళలో పరుచుకుంటుంది. మనకు అలా కుదరదు. 'పుస్తకం' మనకు మూడే గళ్ళు: పు, స్త, కం. వీటిని చిందరవందర చేసి సరైన వరుసలో పెట్టమంటే రెండో తరగతి పిల్లలు కూడా ఇట్టే పెట్టేస్తారు. వాళ్ళు తడబడేది వరుస దగ్గర కాదు, 'స్త' లోపల. స కింద త ఒత్తా, త కింద స ఒత్తా అన్నదే వాళ్ళ సందేహం. ఆ అక్షరాన్ని నువ్వే పూర్తిగా రాసి చేతికిచ్చేశావు, ఇక వాళ్ళు నేర్చుకోవడానికి ఏం మిగిలింది?

అందుకని అక్షరాన్ని విప్పి ఇవ్వు.

పజిల్ కట్టే ముందు నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చో. తప్పుపోయిన మాటలన్నీ ఒక కాగితం మీదికి ఎత్తి రాస్తే వాటంతట అవే గుంపులుగా విడిపోతాయి: ఒత్తు మరిచిపోయినవి, దీర్ఘం పోయినవి, సున్నా ఎగిరిపోయినవి, శ-ష-స తారుమారైనవి, ల-ళ, న-ణ, ద-ధ. ఒక్కో పజిల్‌కి ఒక్కో గుంపు చాలు. అన్నీ ఒకేసారి కలిపితే పిల్లలకు ఏ ఒక్కటీ నిలవదు.

ఒత్తులతో మొదలుపెట్టు. 'గద' అని రాసి, ద కింద చుక్కలతో చిన్న గడి గియ్యి. పక్కన పక్షి బొమ్మ ఉంటే ఆ గడిలో ద ఒత్తు వేసి 'గద్ద' చెయ్యాలి. ఆయుధం బొమ్మ ఉంటే గడిని ఖాళీగా వదిలెయ్యాలి. 'బలి-బల్లి', 'కల-కల్ల' కూడా ఇలాగే. దీర్ఘాలకు 'కలం-కాలం' పెట్టుకో. గడి ఉన్న ప్రతిచోటా ఏదో ఒకటి వేసెయ్యకూడదు, ఆగి ఆలోచించాలి. ఖాళీగా వదలాల్సినవి కొన్ని కలపడం అందుకే, వాటిని మాత్రం మానకు.

ఇక గళ్ళ నుడికట్టు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చిన్నది చాలు, అయిదు గళ్ళు అడ్డం, అయిదు నిలువు. అయితే పదాలు ఎక్కడ పడితే అక్కడ కలుసుకోకూడదు, పిల్లలు తప్పు రాసే అక్షరం దగ్గరే కలుసుకోవాలి. అడ్డం 'ఆకాశం', నిలువు 'దేశం' అనుకో. రెండూ 'శం' దగ్గర కలుస్తాయి. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి, ఒకరికి అడ్డం ఆధారాలు, ఇంకొకరికి నిలువు ఆధారాలు ఇవ్వు. ఎవరి కాగితం వాళ్ళదే. ఇద్దరూ అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టి, కలిసే గడులు మాత్రం చూసుకోమను. ఒకరు 'శం' అని, మరొకరు 'సం' అని రాసి ఉంటే వాదన మొదలవుతుంది. వెంటనే కల్పించుకోకు. ఇద్దరినీ ఆ మాట పైకి చదవమను, తర్వాత పాఠంలో వెతకమను. ఎర్ర సిరాతో నువ్వు పెట్టే గీత కన్నా ఆ వెతుకులాట చాలా గట్టిగా పనిచేస్తుంది.

పైకి చదివించడం ఎప్పుడూ వదలకు. మన రాత చాలావరకు పలుకును పట్టుకునే నడుస్తుంది కాబట్టి 'బాష' అని పలికే పిల్ల 'బాష' అనే రాస్తుంది. అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని 'బ', 'భ' అనమను, రెండోదానికి చేతికి గాలి తగులుతుంది. ఇంట్లో అలా పలకరని ఎవరినీ చిన్నబుచ్చకు. 'అర్థం', 'అర్ధం' మాత్రం అయిదో తరగతి దాకా ఆపు. ఒకదానికి 'భావం', ఇంకోదానికి 'సగం' అని ఆధారం ఇస్తే చాలు. పెద్దవాళ్ళే తికమకపడే జంట అది.

పదాల వేట, అదే గళ్ళలో దాగిన మాటలకు సున్నా చుట్టే ఆట, కంటికి అలవాటు చేస్తుంది తప్ప చేతికి నేర్పదు. పక్కన జాబితా ఉంటే పిల్లలు రూపాన్ని పోల్చుకుంటారంతే. జాబితా తీసేసి బొమ్మలు పెట్టు, దొరికిన మాటను కాగితం తిప్పి వెనకవైపు చూడకుండా రాయించు. మాటల్ని కుడి నుంచి ఎడమకు తిప్పి దాచకు.

'తప్పు మాట పట్టుకోండి' రకం పజిల్స్ ఈ వయసుకు వద్దు. తప్పు రూపాన్ని పదే పదే చూస్తే అదే కళ్ళలో ఉండిపోతుంది.

వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు మించకుండా. ముందు ముగించినవాళ్ళకు చప్పట్లు కొట్టించకు, అసలు సాయం కావలసిన పిల్లలు ఆ చప్పుడుకే పెన్సిల్ కింద పెట్టేస్తారు. వాళ్ళ కాగితంలో మొదటి అక్షరాలు నువ్వే నింపి ఇవ్వు. మర్నాడు ఆ పజిల్‌లోని మాటలే, అవి మాత్రమే, డిక్టేషన్ చెప్పు. అక్కడ నిలవని మాటల్ని వచ్చే వారం పజిల్‌లోకి మళ్ళీ తీసుకో.

ఇంకొకటి. 'కళ్ళు', 'కళ్లు' రెండూ అచ్చులో కనిపిస్తాయి. మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే గళ్ళలో అదే పెట్టు, రెండోది రాసిన పిల్లకు మాత్రం మార్కు తగ్గించకు.

ఈ వారం పజిల్ ఏదీ ఇవ్వకు. నోటుపుస్తకాలు తిరగేసి ఆ తప్పుల కాగితం తయారుచేసి నాకు పంపు. మొదటి గళ్ళు ఇద్దరం కలిసి కడదాం.

మీ మాస్టారు