పాత కార్టూన్లను మళ్ళీ తీయడం అవసరమా?

పాత కార్టూన్లను మళ్ళీ కొత్తగా తీయడం వల్ల చిన్ననాటి జ్ఞాపకాలు చెడిపోవడం తప్ప ప్రయోజనం ఏమైనా ఉందా అని మీరు అడిగారు. తప్పకుండా ఉంది. పాత కథ జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న చూసినవారి మనసులో మిగిలిపోయి, కొత్త కథ దానికి జవాబు చెప్పగలిగితే, ముప్పై ఏండ్ల తరువాతనైనా దానిని తీయవలసిందే. నా విషయంలో ఆ ప్రశ్న అడిగింది మా నాయనమ్మ.

మాది పాలమూరు ప్రాంతంలో అచ్చంపేట దగ్గర ఒక పల్లె. 1990ల మధ్యలో దూరదర్శన్‌లో ఆదివారం పూట ‘డక్‌టేల్స్’ అనే బాతుల కార్టూన్ హిందీలో వచ్చేది. మా వాడకట్టు మొత్తానికి ఒకే ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ మా పెద్దనాయన ఇంట్లో ఉండేది. కరెంటు పోతే ఆయన ట్రాక్టరు బ్యాటరీని విప్పి మోసుకొచ్చి దానికి తగిలించేవాడు. బ్యాటరీ దిగిపోతున్నకొద్దీ బొమ్మ అంచుల నుంచి కుంచించుకుపోయేది, మేము అంతకంతకూ ముందుకు జరిగి కూర్చునేవాళ్ళం. అట్లాంటి ఒక ఆదివారం, గడప దగ్గర కందులు చెరుగుతున్న నాయనమ్మ చేట ఆపి, “ఈ ముగ్గురు పోరగాండ్ల అమ్మ ఏడున్నదిరా?” అని అడిగింది. డొనాల్డ్ అనే బాతు నేవీలో చేరుతూ తన ముగ్గురు మేనల్లుళ్ళను కోటీశ్వరుడైన తన మేనమామ స్క్రూజ్ ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళడంతో ఆ కథ మొదలవుతుంది, కానీ వాళ్ళ తల్లి గురించి దాదాపు పట్టించుకోదు. హిందీ అంతో ఇంతో తెలిసిన పెద్దనాయన కూడా ఏమీ చెప్పలేకపోయాడు. అప్పుడు నాయనమ్మే, “పనికి వోయింటది. పీర్ల పండుగకొస్తది తియ్యి” అని మళ్ళీ చేట అందుకుంది.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ అక్కడ ఉండేది. ఆ నేల మీద కూర్చున్న పిల్లల్లో సగం మంది తల్లిదండ్రులు అట్లా వలస పోయినవారే. మా అమ్మానాన్నలు అప్పుడు బొంబాయిలో ఉన్నారు. ఆ రోజు నుంచి నేను స్క్రూజ్ బంగారు నాణేలనూ సాహసాలనూ వదిలేసి, ఆ తల్లి ఎప్పుడు వస్తుందా అని ప్రతి వారం చూశాను. ఆమె రాలేదు.

2017లో ‘డక్‌టేల్స్’ మళ్ళీ మొదలై 2021 దాకా మూడు సీజన్లు నడిచింది. తీసినవారు బొమ్మలకు కొత్త రంగులు పూసి ఊరుకోలేదు. ఒకే అచ్చులో పోసినట్టుండే ముగ్గురు పిల్లలకు మూడు గొంతులు, మూడు స్వభావాలు ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ళ తల్లి డెల్లా ఎక్కడుందన్న ప్రశ్ననే కథకు వెన్నెముక చేశారు. పిల్లలు ఇంకా గుడ్లలో ఉన్నప్పుడే ఆమె రాకెట్‌లో వెళ్ళి తుఫానులో చిక్కుకుని చంద్రుడి మీద ఉండిపోతుంది. స్క్రూజ్ వెతికి వెతికి ఆపేస్తాడు, అందుకు డొనాల్డ్ ఆయనతో పదేండ్లు మాట్లాడడు. ఇల్లు విడిచి పోయిన మనిషి వల్ల మిగిలినవారి మధ్య మాటలు ఎట్లా ఆగిపోతాయో వలస ఇండ్లలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు.

కేవలం మన వయసువారి బెంగను సొమ్ము చేసుకోవడానికి పాత పేరునూ పాత పాటనూ తెచ్చి అతికించే రీమేక్‌లంటే నాకు మీకంటే ఎక్కువ కోపం. వాటికంటే పాతదాన్నే ఉన్నది ఉన్నట్టుగా మళ్ళీ వేయడం నయం. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘జంగిల్ బుక్’ను అట్లాగే వేసింది. అయితే అప్పుడు కూడా అది హిందీలోనే వచ్చింది, నేను మా పెద్దనాయన లాగా పక్కన కూర్చుని మా అమ్మాయికి ప్రతి మాటా తెలుగులో చెప్పవలసి వచ్చింది. మళ్ళీ వేసేటప్పుడైనా మన భాషలో వేయాలని వీళ్ళకు ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

డెల్లా ఇంటికి తిరిగి వచ్చే భాగాన్ని చూసే నాటికి నాయనమ్మ లేదు. అందుకని ఆ కథను మా అమ్మకు చెప్పాను. ఆమె అంతా విని, “పిల్లలు గుర్తువట్టిన్రా?” అని అడిగింది. పటంలో చూసి ఉన్నారు కాబట్టి గుర్తుపట్టారని చెప్పాను.