ఉద్దానం వెళ్లేముందు

మహారాణిపేట, విశాఖపట్నం

అమ్మలూ,

నీ పరిశోధన సినాప్సిస్ చదివాను. ఉద్దానం కిడ్నీ జబ్బును శ్రీలంకతోనూ, మధ్య అమెరికాతోనూ పోల్చి చూస్తానన్నావు, బాగుంది. మూడుచోట్లా షుగరూ బీపీ లేని కష్టజీవులకు కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ నీ ప్రశ్నలన్నీ నికరాగువా చెరకు కూలీల కోసం రాసినవే, ఊరిపేర్లు మార్చావంతే! మండుటెండలో చెరకు నరకడం వేరు, ఉద్దానంలో కవిటి కొబ్బరితోటల్లో పని వేరు. ఎండ సంగతి అడగొద్దనడం లేదు. తోటపనా, వరిచేలో పనా, వలస వెళ్లి చేసిన పనా అని విడదీసి అడుగు.

"నొప్పి నివారణ మందులు వాడుతున్నారా?" అంటే లేదనే చెబుతారు. ఒళ్లునొప్పులకు కొట్లో ఏం కొంటారని అడిగి, ఇంట్లో ఉన్న ఖాళీ రేకులు తెప్పించుకో. కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమందు పేరు వాళ్ల నోట రాకపోయినా రేకు మీద ఉంటుంది.

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారి చూసి దీర్ఘకాలిక జబ్బని రాసేయకు. అంకెలో తేడా కనీసం 3 నెలలు ఉండాలి, అంటే రెండోసారీ పరీక్ష చెయ్యాలి. ముందురాత్రి మాంసం తిన్నా, నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసినా అంకె పెరుగుతుంది. అందుకే పనిలోకి వెళ్లకముందే, పొద్దున్నే రక్తం తియ్యాలి. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక తేరే పసుపు ద్రవం, అక్కడే వేరుచేసి, ఆ తర్వాతే ఐస్‌బాక్సులో విశాఖకు పంపు. రెండుసార్లూ ఒకే ల్యాబు. అన్నట్టు, ఫిబ్రవరిలో మొదలెడితే రెండో విడత సరిగ్గా జీడిపిక్కలు ఏరే రోజుల్లో పడుతుంది. ఇళ్లల్లో ఎవరూ దొరకరు.

ఇవన్నీ మీ గైడు కూడా చెబుతారు. నాకు అసలు నచ్చనిది నీ బడ్జెట్ పేజీ. కాన్ఫరెన్సు ప్రయాణానికి డబ్బుంది, రిపోర్టులు ఇంటింటికీ ఇచ్చి రావడానికి పైసా లేదు. రక్తం తీసుకెళ్లినవాళ్లు మళ్లీ మొహం చూపించలేదని ఆ ఊళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు. నువ్వు వెళ్లినా ముందు ఆ మాటే ఎదురవుతుంది. రిపోర్టు కాగితం చేతికిస్తే చాలదు, దాంట్లో ఏముందో తెలుగులో కూర్చుని చెప్పాలి. అంకె ఎక్కువొచ్చినవాళ్లు ఎక్కడికెళ్లాలి? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో మొదలైంది కదా, అక్కడి డాక్టర్లతో ముందే మాట్లాడి, ఏ రోజు పంపాలో రాయించుకో. ఊళ్లో ఆశా కార్యకర్తకు కూడా ఆ సంగతి తెలియాలి, నువ్వు వచ్చేశాక అడిగేది ఆవిడనే.

ఎథిక్స్ కమిటీకి పెట్టకముందే ఆ పేజీ తిరగరాసి పట్రా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

నీ పెద్దమ్మ