ఒకరి మరణం అందరి పాపాన్ని ఎలా తీస్తుంది?

యేసు చనిపోతే మన పాపం ఎలా పోతుందని అడిగారు. దీనికి క్రైస్తవులందరూ ఒకే జవాబు చెప్పరు. మార్కు సువార్త 10:45లో యేసు తన ప్రాణం ఇవ్వడం గురించి చెప్పిన ‘విమోచన క్రయధనము’ అనే మాట ఉంది, అంటే బానిసను విడిపించడానికి కట్టే వెల. తొలి శతాబ్దాల్లో ఎక్కువమంది ఆయన మరణాన్ని సాతాను చెర నుంచి విడుదలగానే చూశారు. 1098 నాటికి అన్సెల్మ్ అనే ఆర్చిబిషప్ ఇంకోలా చెప్పాడు: పాపం దేవుని ఘనతకు పడ్డ బాకీ, తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగేది దేవుడే, అందుకే ఆయన మనిషయ్యాడు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ దాన్ని శిక్ష భాషలో చెప్పాడు: మనకు పడాల్సిన శిక్షను యేసు భరించాడని. మన తెలుగు చర్చిల్లో తరచూ వినేది ఇదే.

నా మనసుకు పట్టేది మాత్రం బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం 16. యాజకుడు బతికున్న మేక తలమీద రెండు చేతులూ ఉంచి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి పంపేస్తాడు. యేసు మన పాపం మోసుకుపోవడమంటే నాకు అదే.