నాన్నగారి కార్డులో మిగిలిన పాయింట్లు ఎవరివి?

ప్రశ్న: మా నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఎనిమిది నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు నడుస్తోంది. ఈ మధ్య బీరువా సర్దుతుంటే ఆయన పాత క్రెడిట్ కార్డు దొరికింది. ఆయన ఫోన్ ఇంట్లోనే ఉంది, సిమ్ పనిచేస్తోంది. యాప్ తెరిచి చూస్తే 31,400 రివార్డు పాయింట్లు ఉన్నాయి. స్టేట్‌మెంటులో 2,160 రూపాయలు, పక్కన ‘సీఆర్’ అని ఉంది. ఓటీపీ ఎలాగూ ఆ ఫోన్‌కే వస్తుంది కాబట్టి నేనే వోచర్లు తీసేసుకోవచ్చా? బ్యాంకుకి చెబితే ఏవో పాత బాకీలు తవ్వి మా నెత్తిన వేస్తారని అమ్మ భయపడుతోంది. నాకు ఒక అక్క ఉంది. – ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: వోచర్లు తీసుకోకండి. ఓటీపీ కొట్టడమంటే ‘ఈ లావాదేవీ చేస్తున్నది కార్డుదారుణ్ణి నేనే’ అని బ్యాంకుకి చెప్పడం. మీ నాన్నగారు ఇప్పుడు ఆ మాట చెప్పలేరు, ఆయన బదులు మీరు చెప్పే వీలూ లేదు. మరొకరి పాస్‌వర్డును గానీ ఎలక్ట్రానిక్ గుర్తింపును గానీ మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తండ్రి పాయింట్లు కొడుకు వాడుకోవడం మోసమా అని అడిగితే, మీ తరఫున కోర్టులో నిలబడితే కాదనే వాదిస్తాను. కానీ ఆ వాదన దాకా ఎందుకు వెళ్లాలి? బ్యాంకు రికార్డులో మరణ తేదీ తర్వాత జరిగిన లావాదేవీ ఒకటి శాశ్వతంగా ఉండిపోతుంది. చాలా కార్డుల్లో పాయింటు విలువ పావలా నుంచి అర్ధ రూపాయి లోపే. పావలా చొప్పున లెక్కేసినా మీవి 7,850 రూపాయలు. దానికోసం ఈ తలనొప్పి వద్దు. ఇప్పటిదాకా యాప్ తెరిచి చూసినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, ఇకపై తెరవకండి.

ఇక ఆ పాయింట్లు ఎవరివి అన్న సంగతి. అవి బ్యాంకులో దాచుకున్న డబ్బు లాంటివి కావు. కార్డు ఒప్పందంలో బ్యాంకు ఇచ్చిన ఒక సౌకర్యం, కాబట్టి ఆ ఒప్పందంలో ఏం రాసి ఉంటే అదే చెల్లుతుంది. చాలా బ్యాంకుల షరతుల్లో పాయింట్లు ఇతరులకు బదిలీ కావనీ, ఖాతా మూసేసినా కార్డుదారుడు మరణించినా రద్దవుతాయనీ ఉంటుంది. మీ కార్డుకీ అలాగే ఉంటే చట్టపరంగా గట్టిగా పట్టుబట్టడానికి ఆధారం దొరకదు. షరతుల్లో మరణం ప్రస్తావనే లేకపోతే మాత్రం, ఆయన ఖర్చు పెట్టి సంపాదించుకున్న ప్రయోజనం వారసులకు రావాలని అడిగే హక్కు మీకుంది. అందుకని మరణ తేదీ నాటికి అమల్లో ఉన్న షరతుల ప్రతిని బ్యాంకునే రాతపూర్వకంగా అడగండి. ఈరోజు వెబ్‌సైటులో కనిపించేది అప్పటిదే అవ్వాలని లేదు.

‘సీఆర్’ (క్రెడిట్, అంటే జమ) అని ఉన్న ఆ 2,160 సంగతి వేరు. మీ నాన్నగారు బిల్లు కన్నా ఎక్కువ కట్టి ఉంటారు, లేదా ఏదో వస్తువు వెనక్కిస్తే ఆ డబ్బు తిరిగి జమై ఉంటుంది. అది అచ్చంగా డబ్బు, బ్యాంకు మీకు బాకీ. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారు, మీరు, మీ అక్కగారు సమాన వాటాదారులు. మీ నాయనమ్మగారు బతికి ఉంటే ఆవిడకీ అంతే వాటా ఉంది, ఈ సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు. ఇంత చిన్న మొత్తానికి కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) తెమ్మని బ్యాంకు అంటే ఒప్పుకోకండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం, ఒక ఇండెమ్నిటీ బాండు (రేపు వేరే హక్కుదారు వస్తే బ్యాంకుకి నష్టం మేమే భరిస్తామన్న హామీపత్రం) మీద పరిష్కరించమని అడగండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది పాయింట్లు కాదు, రోడ్డు ప్రమాదం అన్న మాట. చాలా క్రెడిట్ కార్డులకి ప్రమాద బీమా ఉచితంగా జతై వస్తుంది. కార్డు రకాన్ని బట్టి ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. కార్డుతో పాటు ఇలాంటి బీమా ఇచ్చేటప్పుడు కార్డుదారుడి అంగీకారం, నామినీ వివరాలు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లోనే ఉంది. ఇంట్లోవాళ్లకి తెలియక క్లెయిం చేయని కుటుంబాలు ఎన్నో. ఆయన పింఛను ఖాతా ఏటీఎం కార్డుకీ ఇలాంటి బీమా ఉండొచ్చు, ఆ బ్యాంకునీ విడిగా అడగండి. ట్రిబ్యునల్లో కేసు వేశారు కాబట్టి ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మీ వకీలు దగ్గర ఉండే ఉంటాయి. వాటి ధ్రువీకృత నకళ్లు ఇంకో సెట్టు తీసి పెట్టుకోండి.

ఈ బీమాకి షరతులుంటాయి. ప్రమాదానికి ముందు ఫలానా రోజుల్లోపు కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలని కొన్నింటిలో ఉంటుంది. చనిపోయాక ఇన్ని రోజుల్లో తెలియజేయాలని దాదాపు అన్నింటిలో ఉంటుంది. ఎనిమిది నెలలైంది కదా అని ముందే ఆశ వదులుకోకండి. కేవలం ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయింలను తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. 2017లో సుప్రీంకోర్టు కూడా ఒక వాహన చోరీ కేసులో, ఆలస్యానికి సరైన కారణం ఉన్నప్పుడు యాంత్రికంగా తోసిపుచ్చకూడదని చెప్పింది. కార్డు ఉన్న సంగతే మాకు ఈ మధ్య తెలిసిందన్నది సరైన కారణమే. ఆ మాట క్లెయింలో తేదీతో సహా రాయండి.

ఇప్పుడు బ్యాంకుకి రాయాల్సిన ఉత్తరం. అందరూ చేసే తప్పు ‘ఖాతా మూసేయండి’ అని మొదలుపెట్టడం. మూసేశాక పాయింట్ల గురించి అడిగితే అవి రద్దైపోయాయన్న జవాబే వస్తుంది. మీరు రాసేది మరణ సమాచారం మాత్రమే. ఇలా రాయండి: ‘మా తండ్రిగారు ఫలానా తేదీన రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆయన కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. మరణ తేదీ నాటికి కార్డులో ఉన్న బాకీ లేదా జమ, రివార్డు పాయింట్లు, వాటికి వర్తించే షరతులు, కార్డుతో ఉన్న ప్రమాద బీమా పాలసీ వివరాలు, నమోదైన నామినీ పేరు రాతపూర్వకంగా తెలియజేయగలరు. కార్డుపై కొత్త లావాదేవీలు, ఆటో డెబిట్లు ఆపగలరు. పాయింట్లు వారసులకు చెల్లించే వీలుంటే అందుకు కావలసిన పత్రాలు తెలపగలరు. ఇది కార్డు మూసివేత దరఖాస్తు కాదు.’ మరణ ధ్రువపత్రం జత చేసి, అమ్మగారు, అక్కగారు, మీరు ముగ్గురూ సంతకాలు పెట్టండి. శాఖలో ఇచ్చి మీ కాపీ మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిలుకి కూడా పంపండి.

దీన్ని వాయిదా వేయొద్దు. ఏడాదికి పైగా వాడని కార్డుని మూసేసే ప్రక్రియ మొదలుపెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ముందు కార్డుదారుడికి తెలియజేస్తారు, 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసేస్తారు. ఆ నోటీసు వచ్చేది మీ నాన్నగారి ఫోన్‌కో ఈమెయిలుకో. మీకు ఇప్పటికే ఎనిమిది నెలలు గడిచాయి.

అమ్మగారి భయానికి సమాధానం చెప్పాలి. నాన్న చేసిన అప్పు కొడుకు తీర్చాల్సిందేనన్న పాత ధర్మాన్ని ఆధారం చేసుకుని కొడుకుల మీద దావా వేసే హక్కుని 2005 సవరణతో హిందూ వారసత్వ చట్టం తీసేసింది, ఆ సవరణ తర్వాత చేసిన అప్పులకి అది వర్తిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 50 ప్రకారం, చనిపోయిన వ్యక్తి ఆస్తి వారసుల చేతికి ఎంత వచ్చిందో అంతవరకే వాళ్ల బాధ్యత. మీ జీతం, అమ్మగారి సొంత నగలు ఆ లెక్కలోకి రావు. ఆవిడకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ మృతుడి ఆస్తిలో భాగం కాదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. అయితే అదే బ్యాంకులో నాన్నగారి ఒక్కరి పేరున సేవింగ్స్ ఖాతా ఉంటే కార్డు బాకీని అందులోంచి సర్దుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. అమ్మగారితో ఉమ్మడి ఖాతా అయితే అంత తేలిగ్గా ముట్టుకోలేరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చిన కార్డేమో కూడా చూసుకోండి. అలాంటిదైతే బాకీ తేలాక డిపాజిట్ మీద బ్యాంకు పెట్టుకున్న పట్టు (లీన్) తీయించుకోవాలి. మీ స్టేట్‌మెంటులో జమే కనిపిస్తోంది కాబట్టి ఇదంతా మీకు అవసరం పడకపోవచ్చు. ఎవరైనా వసూలు ఏజెంటు ఫోన్ చేసి కొడుకువి కాబట్టి కట్టాల్సిందే అంటే, ఏ చట్టం ప్రకారమో కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాట మీద ఒక్క రూపాయీ కట్టకండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి, ఫీజు లేదు. బీమా సంగతి తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వినియోగదారుడు మరణిస్తే ఆయన వారసులు ఫిర్యాదు చేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే స్పష్టంగా ఉంది. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. అన్నీ తేలాక కార్డు మూసేయమని రాయండి. బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూసేయాలి. దాటితే రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకు చెల్లించాలి.

అప్పటిదాకా ఆ సిమ్‌ని రీఛార్జి చేస్తూ ఉండండి. ఊరికే వదిలేస్తే ఆ నంబరు కొన్నాళ్లకి వేరే ఎవరికో వెళ్లి, నాన్నగారి ఖాతాల మెసేజీలు వాళ్లకి చేరతాయి. ‘మీ పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తాయి’ అంటూ లింకో ఏపీకే ఫైలో (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అది దొంగల పనే, అమ్మగారికీ ఈ సంగతి చెప్పి ఉంచండి. ఇప్పటికే ఎవరైనా నొక్కి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.