ఒంటరిగా పనిచేసేవారికి ఏ ట్రాకర్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట ఒక్కడే కాపలా. నీళ్లలో గాలి కలిపే కరెంటు ఏరియేటర్లు చూడటానికి గట్ల మీద తిరుగుతుంటాడు. అతనికి జీపీఎస్ ట్రాకర్ ఇద్దామనుకుంటున్నాం. ఏది కొనాలి?

జవాబు: కొనేముందు ఒక సంగతి తేల్చుకోండి. రాత్రి రెండింటికి అలారం మోగితే లేచి వచ్చేదెవరు, ఎంతసేపట్లో వస్తారు? చెరువుల మీద అసలు భయం కరెంటు షాక్. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అలారం ఊళ్లో ఉన్న మీ ఫోనుకే వస్తే లాభం లేదు. పక్క చెరువు కాపలాదారు నంబరు మొదట పెట్టండి, అతను నిమిషంలో ఎత్తకపోతే రెండో నంబరుకు, ఆపై మీకు వెళ్లేలా అమర్చండి. మెసేజ్ చాలదు, ఫోను మోగాలి. వచ్చేవాడికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలియాలి. అది ఆపకుండా మనిషిని ముట్టుకుంటే ఇద్దరూ పోతారు.

ట్రాకర్ కంటే ముందు ఏరియేటర్లకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అన్నిటికీ కలిపి ఒక్కటి కాదు, లైనుకొకటి. తడిలో పడుండే పొడవాటి కేబుళ్లలో ఎప్పుడూ కొంత లీకేజీ ఉంటుంది. అదంతా ఒకే ఆర్‌సీసీబీ మీద పడితే మాటిమాటికీ ట్రిప్పవుతుంది, విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తారు.

ఇక పరికరం. షాక్ తగిలినవాడు ఎస్‌ఓఎస్ బటన్ నొక్కలేడు. కదలిక ఆగితే తానే మోగే రకాలున్నాయి గానీ, కాపలాదారు పాకలో కునుకు తీసినా అవి మోగుతాయి. వారం తిరక్కుండా ఆ పరికరం మేకుకు వేలాడుతుంది. మీకు సరిపడేది రౌండ్ టైమర్ ఉన్నది. పాక నుంచి బయల్దేరేటప్పుడు నొక్కితే ఇరవై నిమిషాలు లెక్కిస్తుంది. తిరిగొచ్చి ఆపకపోతే ముందు పావు నిమిషం అతని దగ్గరే బజర్ కొట్టి, అప్పటికీ ఆపకపోతే మీ వాళ్లకు ఫోన్ చేస్తుంది. కదలిక సెన్సర్ కూడా ఉంటే అది రౌండులో ఉన్నంతసేపే పనిచేసేలా పెట్టుకోండి.

ఆరుబయట మామూలు జీపీఎస్ ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది, గట్టు మీద మనిషిని వెతకడానికి అది చాలు. చిక్కంతా ఎన్ని నిమిషాలకోసారి పంపుతుందన్న దాంట్లో ఉంది. బ్యాటరీ ఆదా కోసం చాలావాటిలో పది నిమిషాలని పెట్టేసి ఇస్తారు. పది నిమిషాల్లో మనిషి 800 మీటర్లు నడుస్తాడు. మ్యాపులో చుక్క పాక దగ్గరే ఉంటుంది, వచ్చినవాళ్లు పాక చుట్టూ వెతుకుతారు. రౌండులో నిమిషానికోసారి పంపేలా మార్చండి. చుక్క పక్కన అది ఏ టైముదో చూపించని యాప్ వద్దు.

నీళ్లు, దుమ్ము చొరబడవని చెప్పే ఐపీ67 గుర్తు లేనిది వద్దు. చవగ్గా దొరికేవాటిలో 2జీ మాత్రమే ఉన్నవి ఎక్కువ, వాటిలో జియో సిమ్ పనిచేయదు. డబ్బు కట్టేముందు పరికరాన్ని జేబులో వేసుకుని రాత్రిపూట అన్ని గట్లూ ఒకసారి తిరిగి రండి.

ప్రశ్న: గుంటూరులో మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. లోపల జీపీఎస్ అందడం లేదు. దగ్గర్లోని ఫోనుకు సిగ్నల్ పంపే చిన్న డబ్బాలు, బ్లూటూత్ బీకన్లు, పెట్టమంటున్నారు.

జవాబు: అందదు. మందపాటి గోడలు, కప్పు దాటి శాటిలైట్ సిగ్నల్ రాదు. బీకన్లు గోడకు బిగించి ఫోనుతో పట్టుకునే పద్ధతి కూడా మీకు కుదరదు, ఎందుకంటే చాంబర్‌లో ఫోనుకే సిగ్నల్ లేకపోతే ఆ కబురు బయటికి పోదు. తిరగేసి చేయించండి. సిగ్నల్ పంపే ట్యాగ్ మనిషి ఒంటి మీద ఉండాలి, ఆ సిగ్నల్ అందుకునే డబ్బా, అంటే గేట్‌వే చాంబర్‌లో, కేబుల్‌తో ఆఫీసుకు కలిపి ఉండాలి. ఏ చాంబర్‌లో, ఏ అంతస్తులో ఉన్నాడో తెలిస్తే చాలు, అంగుళాల లెక్క అక్కర్లేదు. అమ్మేవాళ్లు ఖాళీ చాంబర్‌లో డెమో ఇచ్చి భేష్ అనిపించుకుంటారు. మీరు మాత్రం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కప్పు దాకా పేర్చాకే పరీక్షించండి, బస్తాలు సిగ్నల్‌ను బాగా మింగుతాయి. చలికి ట్యాగ్ బిళ్ల బ్యాటరీ డీలా పడుతుంది కాబట్టి డబ్బా మీద రాసిన గడువును నమ్మకుండా ముందే మార్చండి.

వీటన్నిటికంటే చవకైనది, గట్టిది ఇంకోటుంది: లోపలి నుంచి తెరుచుకునే తలుపు, పక్కనే వైరుతో కలిపిన బెల్లు. ఆ బటన్ నేల మీద పడ్డవాడి చేతికి అందే ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: పాడేరు వైపు కొండల్లో టవర్ల పనికి వెళ్తుంటాను. సిగ్నల్ ఉండదు. టవర్ లేకున్నా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్‌ను అమెరికా నుంచి బంధువు తెస్తానంటున్నాడు.

జవాబు: తేవద్దనండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో ఉంచుకోవడం, వాడటం నేరం. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. మీరు చేయగలిగింది: సిగ్నల్ ఆఖరుగా అందే మలుపు నుంచి ఒక మనిషికి ఫోన్ చేసి ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి అదే మలుపు దగ్గరికి వస్తారో చెప్పండి. ఆ టైము దాటి గంటైతే అతను 112కు చెప్పాలి. టవరెక్కే పనైతే ఒంటరిగా వెళ్లనే వద్దు.

ప్రశ్న: ట్రాకర్ అంటే మా పనివాళ్లు నిఘా అంటున్నారు.

జవాబు: డ్యూటీ అయ్యాక ఆగిపోతుందని, చూసేది ఫలానా ఇద్దరేనని, నెల దాటిన వివరాలు చెరిపేస్తామని తెలుగులో రాసి చేతికివ్వండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023 చట్టం కూడా ఉంది. టీ కొట్టు దగ్గర చుక్క అరగంట ఆగిందని ఒక్కడి జీతం కోశారో, మర్నాటి నుంచి ట్రాకర్లన్నీ డ్యూటీ రూములోనే డ్యూటీ చేస్తాయి.